వెల్‌నెస్ కోచ్ అసలు ఏం చేస్తారు? అలవాటు నిలబడటానికి అది ఎంతవరకు పనికొస్తుంది?

తొలిపొద్దు (ప్రశ్న)

అందరికీ నమస్కారం. వెల్‌నెస్ కోచింగ్ అనే మాట ఈమధ్య ఎక్కడ చూసినా వినిపిస్తోంది. నాకు అర్థంకాని సంగతి ఒకటుంది. రోజూ కాసేపు నడవాలని, ఉప్పూ చక్కెరా తగ్గించాలని, రాత్రి ఏడు గంటలైనా పడుకోవాలని తెలియనివాళ్లు ఎవరున్నారు? తెలిసిన మాటే మళ్లీ చెప్పడానికి మధ్యలో ఇంకో మనిషి దేనికి?

ఒక్కో సెషన్‌లో నిజంగా ఏం జరుగుతుందో తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి. డైటీషియన్‌కీ, కౌన్సెలర్‌కీ, కోచ్‌కీ తేడా ఏమిటి? "21 రోజులు చేస్తే అలవాటైపోతుంది" అంటారు కదా, అది నిజమేనా? డబ్బు కట్టేముందు ఎవరు పనితెలిసిన కోచో, ఎవరు కారో ఎలా పోల్చుకోవాలి? "మనసుంటే మార్గముంటుంది" లాంటి మాటలు కాకుండా, పని ఎలా జరుగుతుందో చెబితే మేలు.


గట్టుమీది చెట్టు

మీ ప్రశ్నలోనే సగం జవాబు ఉంది. తెలియక చేయనివాళ్లు తక్కువ, తెలిసీ చేయలేకపోతున్నవాళ్లే ఎక్కువ. డాక్టర్, డైటీషియన్ "ఏం చేయాలి" అన్నది చెబుతారు. "మీ రోజులో, మీ ఇంట్లో, మీ పనివేళల్లో అది ఎలా ఇముడుతుంది" అన్నదే కోచ్ పని. అందుకే పనితెలిసిన కోచ్ సెషన్‌లో తక్కువ మాట్లాడతారు. గంటలో నలభై నిమిషాలు కోచ్ గొంతే వినిపిస్తే అది ఉపన్యాసం, కోచింగ్ కాదు.

మొదటి సెషన్ సాధారణంగా గంట, ఒక్కోసారి గంటన్నర. అందులో బరువెంత, కొలతలెంత అన్న లెక్కలతో మొదలుపెట్టరు. మార్పు ఎందుకు కావాలనుకుంటున్నారు, ఇప్పుడే ఎందుకు, ఇంతకుముందు ఏమేం ప్రయత్నించారు, అందులో కొన్నాళ్లయినా నిలిచింది ఏది అని అడుగుతారు. ఈ చివరి ప్రశ్నను తేలిగ్గా తీసుకోకండి. నాలుగు నెలలు నడిచి ఆపేసిన మనిషి దాన్ని ఓటమిగా చెబుతాడు. కోచ్‌కి మాత్రం "ఆ నాలుగు నెలలు ఎలా నడవగలిగారు?" అన్నదే కావాలి. ఆ జవాబులో ఆ మనిషికి సరిపడే పద్ధతి దొరుకుతుంది. ఆ తర్వాత మూడు నెలలకు ఒక గమ్యం, రాబోయే వారానికి ఒకటో రెండో పనులు అనుకుంటారు. తరువాతి సెషన్లు అరగంట నుంచి ముప్పావుగంట, మొదట్లో వారం వారం ఉంటాయి.

ఈ సంభాషణకు వెనక ఒక పద్ధతి ఉంది. మోటివేషనల్ ఇంటర్వ్యూయింగ్ అంటారు. మద్యం అలవాటు ఉన్నవాళ్లతో పనిచేస్తూ విలియం మిల్లర్ 1983లో దీని గురించి రాశారు, తర్వాత స్టీఫెన్ రోల్నిక్‌తో కలిసి విస్తరించారు. మార్పు గురించి మనిషి ఎప్పుడూ రెండు మనసులతో ఉంటాడన్నది ఇందులో కీలకం. మీరు "మారాలి" అనే వైపు నిలబడి తోస్తే, అతనికి మిగిలేది "ఎందుకు కుదరదు" అనే వైపే. నోటితో పదిసార్లు "కుదరదు" అన్నాక అది అతని నిర్ణయమైపోతుంది.

మామూలుగా ఇలా జరుగుతుంది:

"నడవాలనే ఉంది, టైమే దొరకడం లేదు."
"పొద్దున అరగంట ముందు లేవొచ్చు కదా?"
"రాత్రి పడుకునేసరికే ఆలస్యమవుతోంది."
"పోనీ సాయంత్రం?"
"ఇంటికొచ్చేసరికి ఒంట్లో ఓపిక ఉండదు."

ఇలా ఎంతసేపైనా సాగుతుంది. ప్రతి సలహాకీ ఒక "కానీ" సిద్ధంగా ఉంటుంది. అదే మాటకు శిక్షణ ఉన్న కోచ్ జవాబు వేరు:

"టైమ్ దొరక్కపోయినా నడక ఆలోచన మాత్రం మిమ్మల్ని వదలడం లేదు."
"అవునండీ. మెట్లెక్కితే ఆయాసం వస్తోంది. పిల్లలతో పరిగెత్తలేకపోతున్నాను."
"పిల్లలతో సమానంగా ఆడగలగాలని ఉంది మీకు."
"చాలా ఉంది. నిజానికి మధ్యాహ్నం భోజనమయ్యాక పది నిమిషాలు ఊరికే ఫోన్ చూస్తూ కూర్చుంటాను."

ఆ పది నిమిషాలను కోచ్ కనిపెట్టలేదు, ఆ మనిషే తీసి బల్ల మీద పెట్టాడు. తన నోటి నుంచి వచ్చింది కాబట్టి దాని మీద పట్టు ఉంటుంది. కోచ్ చేసిందల్లా ప్రశ్న వేయకుండా విన్నదాన్ని తిరిగి చెప్పడమే. చదవడానికి తేలిగ్గా ఉంటుంది కానీ, సలహా నాలుక చివర దాకా వచ్చాక ఆపుకోవడం చాలా సాధన మీద గానీ రాదు.

ఇంకో సాధనం సున్నా నుంచి పది దాకా కొలబద్ద. "ఈ మార్పు మీకెంత ముఖ్యం?" అని ఒకసారి, "చేయగలనన్న నమ్మకం ఎంత?" అని ఇంకోసారి అడుగుతారు. ఈ రెండింటినీ కలపకూడదు. ముఖ్యం తొమ్మిది, నమ్మకం మూడు అన్న మనిషికి ఇంకా ఉత్సాహం నూరిపోస్తే లాభం లేదు, పని చిన్నది చేయాలి. ముఖ్యం నాలుగు అంటే "ఎందుకు నాలుగే?" అని అడగరు, అడిగితే సాకుల చిట్టా వస్తుంది. "రెండు కాకుండా నాలుగు ఎందుకన్నారు?" అని అడుగుతారు. అప్పుడు కారణాలు మార్పు వైపు నుంచి వస్తాయి. ఒప్పుకున్న పని మీద నమ్మకం ఏడు కంటే తక్కువైతే ఆ పనిని ఇంకా కుదించడం మంచి కోచ్‌ల అలవాటు.


చిన్న అడుగు

21 రోజుల సంగతి నేను చెబుతాను.

ఆ అంకె అలవాట్ల మీద చేసిన పరిశోధన నుంచి రాలేదు. మాక్స్‌వెల్ మాల్ట్జ్ అనే ప్లాస్టిక్ సర్జన్ 1960లో రాసిన పుస్తకంలో, ఆపరేషన్ తర్వాత కొత్త ముఖానికి అలవాటు పడటానికి రోగులకు కనీసం 21 రోజులు పడుతున్నట్టు తాను గమనించానన్నాడు. కాలక్రమంలో "కనీసం" రాలిపోయింది, ముఖం పోయి అలవాటు వచ్చింది.

నిజంగా కొలిచినది ఫిలిప్పా లాలీ బృందం, లండన్‌లోని యూనివర్సిటీ కాలేజీలో. 96 మంది తలా ఒక కొత్త పని ఎంచుకుని 12 వారాలు రోజూ చేశారు. ఆలోచించకుండానే చేసేసే స్థితికి దగ్గరపడటానికి మధ్యస్థంగా 66 రోజులు పట్టింది. మనిషిని బట్టి, పనిని బట్టి అది 18 నుంచి 254 రోజుల దాకా ఉండొచ్చని లెక్కగట్టారు (12 వారాలు దాటిన అంకెలు అంచనాలే). గ్లాసు నీళ్లు తాగడం లాంటివి త్వరగా, వ్యాయామం లాంటివి ఆలస్యంగా అలవడ్డాయి. మీరు గుర్తుపెట్టుకోవాల్సింది ఇంకొకటి: మధ్యలో ఒక రోజు తప్పినంత మాత్రాన అలవాటు ఏర్పడటం పెద్దగా దెబ్బతినలేదు. 21 రోజుల లెక్క నమ్మినవాళ్లు 22వ రోజున కూడా బద్ధకంగా అనిపిస్తే లోపం తమలోనే ఉందనుకుని మానేస్తారు. ఆ అంకె చేసే అసలు చెడుపు అదే.

ఇక అలవాటు ఎలా కుదురుతుంది? ఒకే సందర్భంలో ఒకే పని పదే పదే చేస్తే, ఆ సందర్భమే పనిని గుర్తుచేయడం మొదలుపెడుతుంది. కాబట్టి ప్లాన్‌లో అన్నిటికన్నా జాగ్రత్తగా ఎంచాల్సింది ఆ సందర్భాన్నే. దీన్ని "ఫలానాది జరగ్గానే ఫలానాది చేస్తాను" అనే వాక్యంగా రాయమంటారు. పీటర్ గోల్విట్జర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఈ రకం వాక్యాల మీద చాలా పనిచేశాడు. "ఎక్కువ నడుస్తాను" అన్న సంకల్పానికీ, "మధ్యాహ్నం తిన్న ప్లేటు కడిగి పెట్టగానే చెప్పులేసుకుంటాను" అన్న వాక్యానికీ ఫలితంలో తేడా ఉంటుంది. రెండోదాంట్లో ఎప్పుడు మొదలుపెట్టాలో ఆ క్షణాన నిర్ణయించుకోనక్కర్లేదు.

సందర్భం ఎంచడంలో తరచూ జరిగే తప్పులు చెబుతాను. "సాయంత్రం" అనేది సందర్భం కాదు, అది నాలుగు గంటల పొడవున్న కాలం. "ఖాళీ దొరికినప్పుడు" అన్నది అంతకన్నా అధ్వానం, ఎందుకంటే ఖాళీ వచ్చినప్పుడు ఎవరూ గంట కొట్టి చెప్పరు. గడియారం సమయం పెట్టుకుంటే, ఆ సమయంలో మీరు వేరే పనిలో ఉంటే అది జారిపోతుంది. అలారం మొదట్లో పనిచేస్తుంది, కొన్నాళ్లకు చెయ్యి దానంతటదే వెళ్లి ఆపేస్తుంది. అప్పుడు అలారం ఆపడమే అలవాటవుతుంది. రోజూ తప్పకుండా జరిగే, మొదలూ ముగింపూ స్పష్టంగా ఉన్న పనిని పట్టుకోవాలి. పళ్లు తోమి బ్రష్ పెట్టేయడం, ప్లేటు కడగడం, ఇంటి తాళం తీసి లోపలికి అడుగుపెట్టడం లాంటివి. కొత్త పని కూడా ఆ చోటికి దగ్గర్లోనే ఉండాలి. బ్రష్ పెట్టేసి మేడ మీదికెళ్లి మ్యాట్ పరుచుకోవాలంటే దారిలోనే మరిచిపోతారు.

మానుకోవాల్సిన వాటికి లెక్క తిరగబడుతుంది. ప్రతిసారీ మనసుతో కుస్తీ పట్టడం కన్నా ఆ వస్తువుకీ చేతికీ మధ్య దూరం పెంచడం మేలు. రాత్రి ఫోన్ తగ్గించాలంటే ఛార్జర్ పడకగదిలోంచి తీసేయాలి. ఫోన్ పక్కనే పెట్టుకుని "చూడను" అనుకుంటే ఆ మాట రాత్రికి ఇరవైసార్లు అనుకోవాలి. ఛార్జర్ ఒక్కసారి మారిస్తే చాలు.


తొలిపొద్దు

ఇద్దరికీ ధన్యవాదాలు. "ప్రతి సలహాకీ ఒక కానీ" అన్నది బాగా అర్థమైంది. నేను ఈ పూట రాసుకున్న ప్లాన్ ఇది. మొహమాటం లేకుండా తప్పులు చెప్పండి.

"రేపటి నుంచి రోజూ పొద్దున గంట నడక. చక్కెర పూర్తిగా బంద్. రాత్రి పదింటికల్లా నిద్ర. వారానికోసారి బరువు చూసుకోవడం."


గట్టుమీది చెట్టు

మొహమాటం లేకుండా అన్నారు కాబట్టి ఒక్కొక్కటే చూద్దాం. ఇందులో ఒక్కటి కూడా చెడ్డ కోరిక కాదు. కానీ నాలుగూ ఒకేరోజు మొదలైతే ఏదో ఒకటి తప్పిన రోజున మిగతావి కూడా దాని వెంటే పోతాయి. మూడునాళ్ల ముచ్చట అయ్యే ప్లాన్లన్నీ దాదాపు ఈ ఆకారంలోనే ఉంటాయి. ఒక్కటి పట్టుకోండి. ఏది పట్టుకోవాలన్నది మీరే తేల్చుకోవాలి. ఉదాహరణకు నడక అనుకుందాం.

పెద్దవాళ్లకు వారానికి 150 నుంచి 300 నిమిషాల మధ్యస్థ వేగపు శ్రమ, దానితోపాటు వారంలో రెండు రోజులు కండరాలకు పని చెప్పే వ్యాయామం ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్గదర్శకాలు చెబుతున్నాయి. మధ్యస్థ వేగం అంటే మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి. ఇంతకుముందు "ఒక విడత పది నిమిషాలకు తక్కువ ఉంటే లెక్కలోకి రాదు" అనేవారు, 2020లో ఆ షరతు తీసేశారు. అంటే ఐదు నిమిషాల నడక కూడా ఖాతాలో పడుతుంది. ఇప్పటిదాకా సున్నా నడిచిన మనిషికి గంట అనవసరం, పైగా మూడో రోజు పిక్కలు పట్టేస్తాయి.

మొదటి రెండు వారాలు పది నిమిషాలు, వారానికి ఐదు రోజులు. అంటే 50 నిమిషాలు. ప్రతి రెండు వారాలకు ఐదు నిమిషాలు పెంచండి: 75, 100, 125. తొమ్మిదో వారంలో రోజుకు అరగంటకు చేరతారు, వారానికి 150 అవుతుంది. ఎక్కడైనా రెండు వారాల్లో నాలుగు రోజులకు మించి తప్పితే పెంచొద్దు, ఉన్నచోటే ఇంకో రెండు వారాలు ఉండండి. దీంతోపాటు బాగా అలసిన రోజుకి ఒక కురచ రూపం ముందే రాసుకోండి: చెప్పులేసుకుని వీధి మలుపు దాకా వెళ్లి రావడం, అంతే. రెండు నిమిషాలే కావచ్చు, సందర్భానికీ పనికీ ఉన్న ముడి మాత్రం తెగదు.

"పూర్తిగా బంద్" అన్న మాట దగ్గర ఆగండి. ఇది మీ ప్లాన్‌లో అన్నిటికన్నా ప్రమాదకరమైన ముక్క. వ్యసనాల నుంచి బయటపడేవాళ్లను గమనించిన అలన్ మార్లాట్ దీన్ని వివరించాడు. సంపూర్ణ నిషేధం పెట్టుకున్న మనిషి ఒక్కసారి జారితే, "ఎలాగూ తప్పాను" అనుకుని ఆ రోజంతా, ఆ వారమంతా వదిలేస్తాడు. చేసిన నష్టం ఒక చెంచా చక్కెర, దాని వెంట వచ్చేది మొత్తం తిరోగమనం. చక్కెర విషయంలో అసలు లక్ష్యం కూడా సున్నా కాదు. విడిగా కలిపే చక్కెర రోజువారీ శక్తిలో 10 శాతం లోపు ఉండాలి, 5 శాతం లోపైతే ఇంకా మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట. రోజుకు 2000 కేలరీలు తీసుకునే మనిషికి 10 శాతం అంటే సుమారు 50 గ్రాములు. తేనె, పళ్లరసం, సీసాల్లో వచ్చే తీపి పానీయాలు ఇందులోకే వస్తాయి, కొరికి తినే పండు రాదు. కాబట్టి "రెండు చెంచాలు వేసుకునే కప్పులో ఒకటిన్నర, రెండు వారాలయ్యాక ఒకటి" అని రాస్తే అది చేయదగిన పని.

"పదింటికల్లా నిద్ర" అన్నది మన చేతిలో ఉన్నది కాదు. నిద్ర వస్తుంది, మనం తెచ్చుకోలేం. చేతిలో ఉన్నది తొమ్మిదిన్నరకు దీపాలు తగ్గించడం, ఛార్జర్ బయట పెట్టడం, సెలవు రోజుల్లో కూడా ఒకే వేళకు లేవడం. ముందు లేచే వేళ కట్టుదిట్టం చేస్తే పడుకునే వేళ కొన్నాళ్లకు దాని వెనకే వస్తుంది.

బరువు చూసుకోండి, కానీ మార్కులు బరువుకు వేయకండి. ఒంట్లో నీరు, ఉప్పు, కడుపులో ఉన్న తిండిని బట్టి అది ఒకటి రెండు కిలోలు అటూ ఇటూ ఊగుతుంది. మొత్తం వారం బాగా నడిచి, ఆదివారం ఒక కిలో ఎక్కువ చూపిస్తే మనసు విరిగిపోతుంది. క్యాలెండర్‌లో నడిచిన రోజు టిక్కు, నడవని రోజు అడ్డొచ్చిన కారణం ఒక్క ముక్కలో రాయండి. టిక్కుల కన్నా ఆ ముక్కలే కోచ్‌కి ఎక్కువ పనికొస్తాయి.


నిమ్మళం

పై మాటలన్నీ సరైనవే. హద్దుల గురించి ఎవరూ రాయలేదు కాబట్టి రాస్తున్నాను, ఎందుకంటే ఈ రంగంలో నష్టం జరిగేది అక్కడే.

పైన ఉదాహరణలో ఆ మనిషి "మెట్లెక్కితే ఆయాసం" అన్నాడు. అది కొత్తగా వచ్చినదైతే, లేదా ఛాతీలో బిగపట్టినట్టు ఉంటే, కోచ్ పిల్లలతో ఆటల దగ్గరికి పోకూడదు. "డాక్టర్‌కి చూపించారా?" అన్నది ముందు రావాలి. కారణం తెలియకుండా బరువు తగ్గడం, తల తిరిగి పడిపోవడం, చచ్చిపోవాలనిపిస్తోందన్న మాట కూడా అంతే. వీటికి గోల్ పెట్టుకోవడం ఉండదు, సరైన చోటికి పంపడమే ఉంటుంది.

మందుల దగ్గర మరీ జాగ్రత్త. ఇన్సులిన్ గానీ, గ్లిమెపిరైడ్ లాంటి షుగర్ మాత్రలు గానీ వాడేవాళ్లు ఒక్కసారిగా తిండి తగ్గించి నడక పెంచితే రక్తంలో షుగర్ 70 కంటే కిందికి పడిపోవచ్చు. చెమటలు, వణుకు, గుండె దడ, తికమక మాటలు దాని గుర్తులు. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే వార్ఫరిన్ వాడేవాళ్లు ఆకుకూరలు ఉన్నట్టుండి బాగా పెంచితే వాటిలోని విటమిన్ కె ఆ మందు బలాన్ని తగ్గిస్తుంది. కూరలు పెంచడం మంచిదే కదా అని కోచ్ తలూపేస్తే ఎలా? మోతాదు మార్చాల్సింది డాక్టర్, మార్పు మొదలుపెట్టేముందే ఆయనతో మాట్లాడారా అని అడగాల్సింది కోచ్. తిండి విషయంలో మానసికంగా ఇబ్బంది పడినవాళ్లకు, అంటే తిన్నది కక్కేయడం, భయంతో తినడం మానేయడం లాంటివి ఉన్నవాళ్లకు, కేలరీలు రాయించడం, బరువు చూపించడం హాని చేస్తుంది. వాళ్లకు టిక్కుల క్యాలెండర్ కూడా అడిగి, ఆలోచించి ఇవ్వాలి.

తేడా అడిగారు కదా. రోగానికి తగిన ఆహార ప్రణాళిక రాయడం డైటీషియన్ పని. గతంలోని గాయాన్ని, కుంగుబాటును నయం చేయడం థెరపిస్ట్ పని. కోచ్ రోగ నిర్ధారణ చేయకూడదు, ల్యాబ్ రిపోర్టు చూసి తీర్పు చెప్పకూడదు, మందు ఆపమనకూడదు.

ఎలా పోల్చుకోవాలంటే: చాలా దేశాల్లో వెల్‌నెస్ కోచ్ అని బోర్డు పెట్టుకోవడానికి లైసెన్సు అక్కర్లేదు. కాబట్టి శిక్షణ ఎక్కడ, ఎన్ని గంటలు, ఎవరి పర్యవేక్షణలో సాధన చేశారు అని నేరుగా అడగండి. అమెరికాలో నేషనల్ బోర్డ్ ఫర్ హెల్త్ అండ్ వెల్‌నెస్ కోచింగ్ అనే సంస్థ 2017 నుంచి పరీక్ష పెడుతోంది. రాయాలంటే ఆమోదం పొందిన కోర్సుతోపాటు కనీసం 50 కోచింగ్ సెషన్లు చేసిన చిట్టా చూపించాలి. ఇంటర్నేషనల్ కోచింగ్ ఫెడరేషన్ మొదటి మెట్టు సర్టిఫికెట్‌కు 60 గంటల శిక్షణ, 100 గంటల కోచింగ్ అనుభవం కావాలి. రెండ్రోజుల ఆన్‌లైన్ కోర్సు చేసి పొడుల డబ్బాలు అమ్మేవాళ్లకూ వీళ్లకూ ఉన్న దూరం అది. మొదటి పరిచయంలోనే ఏదైనా పొడి, డబ్బా, ప్యాకేజీ కొనమన్నా, "నెలకు ఇన్ని కిలోలు గ్యారంటీ" అన్నా అక్కడితో లేచి రావచ్చు. మీ డాక్టర్‌తో మాట్లాడటానికి ఇష్టపడతారా, మీరు చెప్పినవి ఎవరికి తెలుస్తాయి, మధ్యలో మానేస్తే డబ్బు సంగతేంటి అన్నవి కాగితం మీద ఉండాలి.

ఇది అసలు పనిచేస్తుందా అన్న అనుమానానికి నేను చూపించేది అమెరికాలో జరిగిన డయాబెటిస్ నివారణ అధ్యయనం, ఫలితాలు 2002లో వచ్చాయి. షుగర్ వచ్చే ముప్పు ఎక్కువున్న 3,234 మందిని తీసుకున్నారు. ఒక గుంపుకి విడిగా ఒక్కొక్కరితో కూర్చునే లైఫ్‌స్టైల్ కోచ్‌లను ఇచ్చి, మొదటి ఆరు నెలల్లో 16 పాఠాలు నడిపారు. బరువులో 7 శాతం తగ్గడం, వారానికి 150 నిమిషాల శ్రమ వాళ్ల లక్ష్యాలు. సుమారు మూడేళ్లలో ఆ గుంపులో షుగర్ రావడం 58 శాతం తగ్గింది, మెట్‌ఫార్మిన్ అనే షుగర్ మాత్ర ఇచ్చిన గుంపులో 31 శాతం. అయితే అది పాఠాలు, పర్యవేక్షణ, కొలతలు అన్నీ ఉన్న కట్టుదిట్టమైన కార్యక్రమం. ఆ అంకెలను చూపించి తన ప్యాకేజీ అమ్ముకునే కోచ్‌ని నమ్మకండి.


చిన్న అడుగు

రెండు మాటలు కలుపుతాను. గట్టుమీది చెట్టు గారి లెక్కతో నాకు ఒక్కచోట పేచీ ఉంది. శరీరానికి వారానికి ఐదు రోజులు చాలు, నిజమే. అలవాటుకి మాత్రం ఏడు రోజులూ కావాలంటాను. వారంలో రెండు రోజులు అదే ప్లేటు కడిగి మళ్లీ ఫోన్ పట్టుకుంటే, ప్లేటు రెండు పనులను గుర్తుచేస్తుంది. ఆ రెండు రోజులూ ఆయన చెప్పిన కురచ రూపమే చేయండి. కాళ్లకు విశ్రాంతి ఉంటుంది, సందర్భం మసకబారదు.

ఇక వారం చివర లెక్క చూసేటప్పుడు ఏం జరుగుతుందో చెప్పాలి, కోచింగ్‌లో సగం విలువ అక్కడుంది. "నాలుగు రోజులే నడిచారు, మరి మూడు రోజులు?" అని అడిగితే తల దించుకుంటారు, వచ్చే వారం అబద్ధం చెబుతారు. "నడిచిన నాలుగు రోజుల్లో ఏం కలిసొచ్చింది?" అన్నది ముందు అడగాలి. తప్పిన రోజులను ఆ తర్వాత విడిగా చూడాలి. సూసన్ మిషీ బృందం 2011లో చెప్పిన చట్రం ఇక్కడ బాగా పనికొస్తుంది. ఏ పని జరగాలన్నా సామర్థ్యం, అవకాశం, ప్రేరణ మూడూ ఉండాలి. తప్పిన మూడు రోజుల పక్కనా "మీటింగ్ సాగింది" అని రాసి ఉంటే అది అవకాశం సమస్య. దానికి ఉత్సాహపు మాటలు మందు కాదు, సందర్భాన్ని మార్చాలి. "మోకాలు నొప్పి" అంటే సామర్థ్యం. "వెళ్లబుద్ధి కాలేదు" అని ఉంటే అప్పుడు మాత్రమే ప్రేరణ గురించి మాట్లాడాలి, అది కూడా అసలు ఎందుకు మొదలుపెట్టారన్న దగ్గరి నుంచి. మూడు జబ్బులకూ ఒకే మందు, అదీ "ఇంకాస్త గట్టిగా ప్రయత్నించండి" అని ఇచ్చేవాళ్ల దగ్గర డబ్బు వృథా.

ఒక లోపం కోచింగ్‌లోనే ఉంది, కోచ్‌లు తక్కువగా ఒప్పుకుంటారు. గురువారం కోచ్‌కి చెప్పాలి కాబట్టి బుధవారం నడిచే మనిషికి ప్లేటు సందర్భం కాదు, కోచే సందర్భం. కోచింగ్ ఆగిన నెలకు నడక ఆగుతుంది. క్యాలెండర్‌లో సెషన్ ముందు రెండు రోజులే టిక్కులు గుమిగూడి కనిపిస్తే అదే గుర్తు. అందుకే సెషన్లు ఒక్కసారిగా ఆపకూడదు: మొదటి ఆరేడు వారాలు వారానికోసారి, తర్వాత రెండు వారాలకోసారి, తర్వాత నెలకోసారి. ఆ ఎడం పెరిగిన కాలంలో టిక్కులు నిలిస్తే అలవాటు కుదిరినట్టు. పడిపోతే కోచ్‌ని మళ్లీ దగ్గరికి తేవడం కాదు, సందర్భాన్ని మళ్లీ వెతకాలి.


తొలిపొద్దు

మార్చి రాశాను. "మధ్యాహ్నం భోజనం ప్లేటు కడిగి పెట్టగానే చెప్పులేసుకుని పది నిమిషాలు నడుస్తాను, వారానికి ఐదు రోజులు. మిగతా రెండు రోజులు, బాగా అలసిన రోజు, వీధి మలుపు దాకా. ప్రతి రాత్రి క్యాలెండర్‌లో టిక్కు లేదా కారణం." చక్కెర, నిద్ర ప్రస్తుతానికి పక్కన పెట్టాను. నమ్మకం ఎనిమిది. షుగర్, బీపీ మందులేవీ లేవు.


గట్టుమీది చెట్టు

బాగుంది. ఒక్క సవరణ: "ప్రతి రాత్రి టిక్కు" అన్నదానికి సందర్భం లేదు, నాలుగో రోజుకే మరిచిపోతారు. క్యాలెండర్, పెన్ను చెప్పుల పక్కనే పెట్టండి. నడిచొచ్చి చెప్పులు విప్పగానే టిక్కు పెట్టేయండి. నడవని రోజు కారణం మర్నాడు చెప్పులేసుకునేముందు రాయండి.